ఎల్‌కేజీ గదిలోకి అమ్మ మాటను రానివ్వండి: కతోలిక బడుల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

పూజ్యులైన పీఠాధిపతులకు, తెలుగు ఊళ్లలో బడులు నడుపుతున్న సిస్టర్లకు, ఫాదర్లకు,

నమస్కారం. నేను గుంటూరు జిల్లా ఆడపడుచుని. ఫిరంగిపురం బాలయేసు గుడి గంట వినపడేంత దూరంలో మా అమ్మమ్మ ఇల్లు. నర్సరీ నుంచి పదో తరగతి దాకా సిస్టర్ల దగ్గరే చదువుకున్నాను. ఇప్పుడు ఇంగ్లండులో ఒక కతోలిక ప్రాథమిక పాఠశాలలో, నాలుగైదేళ్ల పిల్లలుండే రిసెప్షన్ తరగతిలో టీచింగ్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. టీచరు పాఠం చెబుతుంటే పక్కన కూర్చుని పిల్లల ముక్కులు తుడవడం, కోట్ల జిప్పులు పెట్టడం, వాళ్లు మాట్లాడుకునేది విని రాసిపెట్టడం నా పని. జూన్‌లో మన బడులు మళ్లీ తెరుస్తారు. అంతకు ముందే ఈ మాట మీకు చేరాలని రాస్తున్నాను.

2025 మార్చి 9, ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో మొదటి ఆదివారం. పూజ నుంచి ఇంటికి వచ్చేసరికి మా చెల్లి ఫోను. దాని కొడుక్కి నాలుగున్నరేళ్లు, మన జిల్లాలోనే సిస్టర్లు నడిపే ఒక బడిలో ఎల్‌కేజీ. "వాడు బడికి పోనంటున్నాడక్కా" అంది. శుక్రవారం తరగతిలో వాడికి ఒకటికి వచ్చిందట. తెలుగులో అడగకూడదు. ఇంగ్లీషులో ఎలా అడగాలో డైరీ మొదటి పేజీలో అచ్చేసి ఉంటుంది, చెల్లి రోజూ రాత్రి వల్లె వేయిస్తుంది కూడా. ఆ నిమిషానికి ఆ వాక్యం వాడి నోటికి రాలేదు. లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. నిక్కరు తడిసిపోయింది. ఆయమ్మ వచ్చి కడిగి, "ఏం కాదులే నాన్నా" అందట. ఆ రోజంతా ఆ గదిలో వాడితో వాడి భాషలో మాట్లాడింది ఆ ఆయమ్మ ఒక్కతే.

ఆ బడి పేరు చెప్పను. ఒక్క బడిలోనే జరిగే పనైతే ఈ లేఖ రాసేదాన్నే కాదు, చెల్లిని వెళ్లి ప్రిన్సిపల్ సిస్టర్‌తో మాట్లాడమనేదాన్ని. నేను చదివిన బడిలోనూ తెలుగు మాట్లాడిన పిల్ల మెడలో ఒక అట్టముక్క వేసేవాళ్లు. ఇంకో పిల్ల తెలుగు మాట్లాడి దొరికేదాకా అది మన మెడలోనే ఉండేది. దాన్ని ఎప్పుడు దించుకుంటామా అని పక్కపిల్ల నోటి వంక చూస్తూ కూర్చోవడం నాకింకా గుర్తుంది. ఇంగ్లండు వచ్చాక తెలిసింది, 19వ శతాబ్దంలో పొరుగునే ఉన్న వేల్స్ బడుల్లోనూ వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో ఇలాగే చెక్కముక్క వేసి, ఒకరి నుంచి ఇంకొకరికి మార్చేవాళ్లని. ఇవాళ వేల్స్‌లో దాన్ని మ్యూజియంలో పెట్టి చూపిస్తారు. వెల్ష్‌లో చదువు చెప్పే బడులకు ప్రభుత్వమే డబ్బిస్తుంది.

చెల్లి ఫోను పెట్టేశాక, మా తరగతిలో అంతకు ముందు గడిచిన అయిదు రోజులూ ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి. అదే వారం, అదే తల్లి తిరుసభ, అంటే మన కతోలిక సంఘం, నడిపే బడి. ఆ అయిదు రోజులూ మీకు చెప్పాలనిపించింది.

మా తరగతిలో ముప్పై మంది. ఆ వయసు పిల్లలకు ఒక టీచరు దగ్గర అంతకు మించి ఉండకూడదని ఇక్కడ చట్టం. గది మూలన ఒక చిన్న బల్ల, దాని మీద పెద్ద పండగలు, ఉపవాసాలు లేని సామాన్య కాలపు ఆకుపచ్చ గుడ్డ, ఒక బైబిలు, మరియమ్మ స్వరూపం. సోమవారం పొద్దున పిల్లలు ఎవరి కోటు వాళ్లే కొక్కేనికి తగిలించి, ఎవరి పేరు చీటీ వాళ్లే వెతుక్కుని బోర్డు మీద పెట్టి, కింద చాప మీద కూర్చుని సిలువ గుర్తు వేసుకున్నారు. ఆ వారం పోపు ఫ్రాన్సిస్ రోము ఆసుపత్రిలో ఉన్నారు. ఫిబ్రవరి 14న చేర్చారు, రెండు ఊపిరితిత్తులకూ న్యుమోనియా. టీచరు ఆయన ఫొటో చూపించి ఆ సంగతి చెప్పింది. ఆయనకి సూది వేస్తారా అన్నాడొకడు. ఒక పాప "ఆయన దగ్గర వాళ్లమ్మ ఉందా?" అంది. ఆయనకి 88 ఏళ్లమ్మా, వాళ్లమ్మ ఎప్పుడో దేవుడి దగ్గరికి వెళ్లిపోయింది అంటే, ఆ పాప కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని, వెళ్లి రంగులు తెచ్చుకుంది. కాగితం నిండా పసుపుపచ్చ రంగు పూసింది. ఇదేమిటి బంగారం అంటే, "దుప్పటి, ఆయనకి చలి వేయకుండా" అంది. దాన్ని బల్ల మీద మరియమ్మ పాదాల దగ్గర పెట్టాం. ఏప్రిల్ 21న పోపుగారు పోయారు. మర్నాడు ఈస్టర్ సెలవుల నుంచి వచ్చిన పిల్లలు ముందు ఆ బల్ల దగ్గరికే వెళ్లి ఆ దుప్పటి ఉందో లేదో చూశారు.

రోజూ ఇరవై నిమిషాలు అక్షరాల పాఠం ఉంటుంది. దాని గురించి మన టీచర్లకు ఒక మాట చెప్పాలి. ఇక్కడ ముందు ఎ, బి, సి అని వరసగా పేర్లు చెప్పించరు. స్, అ, ట్, ప్, ఇ, న్ అని ధ్వనులు నేర్పుతారు, వాటిని కలిపి మాట పలికిస్తారు. ఇంగ్లీషు అక్షరం పేరు ఒకటి, పలికేది ఇంకొకటి కాబట్టి ఇంత అవస్థ. మన 'క' పేరూ 'క'నే, పలికేదీ 'క'నే. గుణింతం వచ్చిన పిల్ల కా, కి, కీ అంటూ ధ్వని మార్చడం అప్పుడే నేర్చేసుకుంది. అక్షరానికి ధ్వని ఉంటుందన్న సంగతి తెలుగులో తెలిసిన పిల్లకి, దాన్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్లడం ఎంత తేలికో నేను మా అమ్మాయి దగ్గర చూశాను. ఆ మెట్టు తీసేసి నేరుగా రెండో మెట్టు ఎక్కమంటున్నాం మనం.

మంగళవారం గురించే అసలు చెప్పాలి. ఆ రోజు ఇక్కడ పాన్‌కేకుల పండగ. మర్నాడు విభూది బుధవారం, ఉపవాస దినాలు మొదలు కాబట్టి, వెనకటికి ఇంట్లో ఉన్న గుడ్లు, వెన్న, పాలు ఆ రోజు వాడేసేవాళ్లట. అప్పుడే ఫాదర్ దగ్గరికి వెళ్లి పాపసంకీర్తనం చేసుకునేవాళ్లు, ఇంగ్లీషులో ఆ రోజుకున్న 'ష్రోవ్ ట్యూస్‌డే' అన్న పేరు దాని నుంచే వచ్చింది. పిల్లలు తలా ఒక చిన్న ఏప్రాను కట్టుకున్నారు. పిండి కొలిచేవాళ్లు కొలిచారు, గుడ్డు పగలగొట్టేవాళ్లు పగలగొట్టారు. పెంకు ముక్కలు గిన్నెలో పడితే స్పూనుతో తీసే పనే పది నిమిషాలు పట్టింది, ఎవరూ తొందర చేయలేదు. పిండి జారుతోందా, గట్టిగా ఉందా, ఇంకెన్ని పాలు పోయాలి అని వాళ్లలో వాళ్లే తేల్చుకున్నారు. లెక్కలు, మాటలు, చేతివేళ్ల బలం అన్నీ ఆ గిన్నెలోనే.

మా తరగతిలో ఒక తెలుగు పిల్లవాడున్నాడు. వాళ్ల నాన్న ఉద్యోగం మీద వచ్చిన కుటుంబం, సెప్టెంబరులో చేరాడు. చేరినప్పటి నుంచి బడిలో నోరు విప్పలేదు. తల ఊపుతాడు, వేలు చూపిస్తాడు, అంతే. కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు ఇలా కొన్నాళ్లు మౌనంగా ఉండి వింటారని, దాన్ని బలవంతంగా తెంచకూడదని మాకు శిక్షణలో చెబుతారు. నేను వాడితో తెలుగులో మాట్లాడేదాన్ని, వాడు నాకూ బదులిచ్చేవాడు కాదు. మంగళవారం టీచరు పెనం మీద గరిటెడు పిండి పోసి అటూ ఇటూ తిప్పింది. 'సుయ్'మంది. వాడు నా పక్క నుంచి లేచి, గదంతా వినపడేట్టు, "దోసె!" అన్నాడు.

టీచరు పెనం కింద మంట తగ్గించింది. ఆమె ఐర్లండు మూలాలున్న కతోలికురాలు, తెలుగు అనే భాష ఉందని మేము వచ్చాకే తెలిసింది. మోకాళ్ల మీద కూర్చుని, "మళ్లీ చెప్పు, మాక్కూడా నేర్పు" అంది. "దోసె" అన్నాడు వాడు. ముప్పై మందీ "దోసె" అన్నారు. తప్పుగా పలికినవాళ్లకు వాడు తల అడ్డంగా ఊపి మళ్లీ చెప్పించాడు. తర్వాత ఆమె నాకొక అట్టముక్క, స్కెచ్ పెన్ను ఇచ్చి తెలుగులో రాయమంది. నేను 'దోసె' అని రాశాను. వంటింటి ఆట మూలలో గోడ మీద అంటించాం. ఇవాళ్టికీ అక్కడే ఉంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు వాడు టీచరుతో ఇంగ్లీషులో "రేపు మళ్లీ?" అన్నాడు. బడిలో వాడి మొదటి ఇంగ్లీషు మాట అది. దోసె తర్వాత వచ్చింది.

చెల్లి ఫోనులో చెబుతుంటే ఆ అట్టముక్కే గుర్తొచ్చింది నాకు. నా మెడలో వేసిందీ అట్టముక్కే. ఇక్కడ టీచరు మంచిది కాబట్టి అలా చేసిందని మీరనుకోవచ్చు. మంచిదే. కానీ అది ఆమె ఇష్టానికి వదిలేసిన పని కాదు. ఇంట్లో ఇంగ్లీషు కాక వేరే భాష మాట్లాడే పిల్లలు ఆ భాషను బడిలో ఆటలోనూ చదువులోనూ వాడుకునే వీలు కల్పించాలని, దానితో పాటు వాళ్లకు ఇంగ్లీషూ బాగా రావాలని, అయిదేళ్ల లోపు పిల్లల చదువు గురించి ఇంగ్లండు ప్రభుత్వం పెట్టిన నిబంధనల్లోనే ఉంది. ఇంగ్లీషు పుట్టిన దేశపు బడిలో తెలుగు పిల్లవాడి తెలుగుకు చోటుంది. గుంటూరు జిల్లాలో, చుట్టూ తెలుగే ఉన్న బడిలో, మా చెల్లెలి కొడుకు తన ఒంటి అవసరం తెలుగులో చెప్పుకోలేకపోయాడు.

బుధవారం పొద్దున బల్ల మీద తపస్సు కాలపు ఊదారంగు గుడ్డ పరిచాం. పోయినేడు మట్టల ఆదివారం నాడు ఇచ్చిన ఎండు మట్టల సిలువలు పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చారు. వాటిని ముందు రోజే పెరట్లో ఒక ఇనప బకెట్లో వేసి కాల్చాం, పిల్లలు గీత గీసిన దూరంలో నిలబడి చూశారు. పచ్చగా ఉన్న ఆకు ఎండి, మండి, బూడిదవడం వాళ్ల కళ్లెదుటే జరిగింది. "మళ్లీ ఆకు అవుతుందా?" అన్నాడొకడు. అవదని టీచరు చెప్పలేదు. "నువ్వేమనుకుంటున్నావు?" అంది. మట్టిలో వేస్తే మొక్కకు బలమని ఒక పాప, వాళ్ల తాతయ్య గులాబీలకు బూడిద వేస్తాడని చెప్పింది. బుధవారం ఫాదర్ వచ్చి నుదుటి మీద ఆ బూడిద పెడుతుంటే ఒక్కరు కూడా నవ్వలేదు. ఆ బూడిద ఎక్కణ్ణించి వచ్చిందో వాళ్లకు తెలుసు.

మన పెద్దలు దానికి విభూది అని పేరు పెట్టారు. ఊళ్లో శివాలయం ముందు వినపడే మాటే. పూజ, గుడి, ఉపవాసం, తపస్సు అన్నీ ఆ ఊరి మాటలే. మన క్రైస్తవ వేదం తెలుగు మాటల్లో ఇల్లు కట్టుకుంది కాబట్టే ఇన్ని తరాలు నిలిచింది.

ఈ ఏడు రంజాను నెల కూడా ఆ సోమవారానికి ముందు వారాంతంలోనే మొదలైంది. మా తరగతిలో ఒక ముస్లిం పాప ఉంది. బూడిద పెట్టించుకోకుండా నా ఒళ్లో కూర్చుని చూసింది. చాప మీద కూర్చున్నప్పుడు, తెల్లవారుజామున వాళ్లమ్మ చీకట్లో లేచి తింటుందని, పొద్దంతా నీళ్లు కూడా తాగదని చెప్పింది. "మీ అమ్మ ఎవరికోసం అలా తినకుండా ఉంటుంది?" అని ఒకడు అడిగాడు. "దేవుడి కోసం" అంది. "మా అమ్మ చాక్లెట్ మానేసింది, ఆమె కూడా దేవుడి కోసమే" అన్నాడు వాడు. ఇంగ్లండు-వేల్స్ బిషప్పులు 2023లో తెచ్చిన కొత్త మత విద్యా ప్రణాళికలో ఇతర మతాల వాళ్లతో సంభాషణ కూడా ఒక భాగం. బడి సమయంలో పదో వంతు మత విద్యకు ఇవ్వాలని వాళ్ల నియమం. ఆ పదో వంతు ఎక్కువగా ఇలా చాప మీదే గడుస్తుంది.

గురువారం ప్రపంచ పుస్తక దినం. పిల్లలంతా కథల్లోని వేషాలు వేసుకొచ్చారు. నన్నొక తెలుగు కథ చెప్పమన్నారు. ఏడు చేపల కథ చెప్పాను. కాగితంతో ఏడు చేపలు కత్తిరించి తాడుకి కట్టాను. గడ్డి, ఆవు, అవ్వ, చీమ అంటూ గొలుసు తెగకుండా సాగే కథ కదా, రెండోసారి చెప్పేసరికి పిల్లలు నాకంటే ముందు చెప్పేస్తున్నారు. చీమ దగ్గర అందరూ కేకలు. దోసె పిల్లవాడు మాత్రం వరస నేను తప్పితే తెలుగులోనే సరిచేశాడు. టీచరు దాన్ని అక్కడితో వదల్లేదు. ఏడులో ఆరు ఎండాయి, ఒకటి ఎండలేదు. అయిదు ఎండితే? నాలుగు ఎండితే? ఏడు అనే అంకె ఎన్ని రకాలుగా విడిపోతుందో ఆ తాడు మీద చేపలు జరుపుతూ పిల్లలే కనుక్కున్నారు.

అయిదేళ్లు నిండే వయసుకి ఇక్కడ అడిగే లెక్క అంతే. పది లోపు అంకెల లోతు తెలియాలి, అయిదు దాకా ఉన్న వస్తువులను లెక్కపెట్టకుండా చూడగానే ఎన్నో చెప్పగలగాలి, నోటితో ఇరవై దాటి లెక్కపెట్టాలి. మా చెల్లెలి కొడుకు నూరు దాకా రాస్తాడు. నాలుగు చింతపిక్కలు అరచేతిలో పెట్టి ఎన్నిరా అంటే, ఒక్కొక్కటే వేలితో తాకి లెక్కపెడతాడు. అష్టాచెమ్మా ఆడే మన పిల్లలకు గవ్వలు నేల మీద పడగానే మూడా, చెమ్మా అని చూపుతోనే తెలిసిపోయేది. ఇక్కడ దాన్ని ఒక పెద్ద పేరు పెట్టి శిక్షణ తరగతుల్లో నేర్పుతున్నప్పుడు, ఇది మా అమ్మమ్మ అరుగు మీద ఆట కదా అనుకున్నాను.

శుక్రవారం, రాబోయే ఆదివారపు సువిశేషం. ఏసుప్రభువు ఎడారిలో నలభై రోజులు. ఇసుక తొట్టిలో ఒక చెక్క బొమ్మను నిలబెట్టి, టీచరు నెమ్మదిగా కథ చెప్పింది. చెప్పాక ఒక ప్రశ్న అడిగి ఊరుకుంది: ఆయనకు అక్కడ ఏం వినపడి ఉంటుంది? చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. "గాలి" అందొక పాప.

ఇంగ్లండులో అంతా బాగుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. చేరిన ఆరు వారాల్లోపే ప్రతి పిల్లకీ ప్రభుత్వ పరీక్ష ఒకటుంది, 2021 నుంచి తప్పనిసరి చేశారు. పిల్లలు ఇంకా గదికి అలవాటు పడక ముందే ఒక్కొక్కరినీ పక్కకు కూర్చోబెట్టి ప్రశ్నలడగడం నాకు బాధగా ఉంటుంది. నాలుగేళ్లకే బడేమిటి, ఇంకా ఆడుకోనివ్వాలి అని వాదించే టీచర్లు ఇక్కడా ఉన్నారు. మన దగ్గర ఒక్క టీచరు యాభై మందిని చూసుకుంటుందని, ఆమె జీతం ఎంతో, పేద పిల్లలకు ఫీజు తగ్గించి మీరు ఎలా నెట్టుకొస్తున్నారో నాకు తెలుసు. మిర్చి యార్డులో బస్తాలు మోసే తండ్రి ఎల్‌కేజీ ఫీజు కట్టేది ఇంగ్లీషు కోసమేనని, బోర్డు మీద తెలుగు కనిపిస్తే పక్క వీధి కార్పొరేట్ బడికి మారుస్తాడని మీ భయం. ఆ తండ్రి కోరిక న్యాయమైనదే. నన్ను ఇక్కడిదాకా తెచ్చిందీ ఆ ఇంగ్లీషే, అది నేర్పింది మీరే. ఆ రుణం మరిచి రాస్తున్న లేఖ కాదిది.

నేనడిగేది ఇంగ్లీషు తీసేయమని కాదు. పాటల్లో, కథల్లో, ఆటల్లో రోజూ ఇంగ్లీషు వినిపించండి. కానీ పిల్లకు దాహమేసినా, దెబ్బ తగిలినా, ఒకటికి వచ్చినా, ఇంట్లో తమ్ముడు పుట్టాడన్న సంతోషం చెప్పాలన్నా, అడ్డు లేకుండా తెలుగులో చెప్పనివ్వండి. తెలుగు మాట్లాడితే శిక్ష, జరిమానా, మెడలో అట్ట అన్న మాట ఎల్‌కేజీ, యూకేజీ గదుల్లో లేకుండా చేస్తూ మీ మేత్రాసనాల నుంచి ఒక సర్క్యులర్ పంపండి. ఆరేళ్లు నిండేదాకా ఇంటికి రాత పని ఇవ్వకండి. నాలుగు గీతల కాపీలో నాలుగేళ్ల పిల్ల పేజీలు నింపుతుంటే, దాని బొటనవేలి మీద పడే గుంట చూడండి. ఆ వేలికి ముందు కావలసింది పిండి ముద్ద పిసకడం, ఇసుకలో గీయడం, పూసలు గుచ్చడం. ఇంకొకటి, నర్సరీలో చేర్చుకోవడానికి బిడ్డకు, తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ పెట్టకండి. ఇంగ్లీషు రాని తల్లి ఆ కుర్చీలో కూర్చుని పడే అవమానం ఆమె బిడ్డ చూస్తాడు.

ఇందులో ఖర్చు ఏముంది? చింతపిక్కలు, గవ్వలు, గచ్చకాయలు, కొబ్బరి చిప్పలు, ఒక తొట్టి ఇసుక, ఒక గంగాళం నీళ్లు. ఇక్కడ బడి పెరట్లో 'మడ్ కిచెన్' అని వేల రూపాయల చెక్క సామాను కొని పెట్టారు. పిల్లలు అందులో ఆడేది మన గుజ్జనగూళ్లే.

మన తిరుసభకు ఇది కొత్త కాదు. 1907లో రోము నగరపు పేదవాడలో పిల్లల ఇల్లు తెరిచిన మారియా మాంటిసోరి కతోలికురాలు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయి ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. లోకంలోని కతోలిక బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ 1965లో చదువు గురించి చేసిన ప్రకటన, బిడ్డకు మొదటి గురువులు, ముఖ్య గురువులు తల్లిదండ్రులేనంది. ఆ మొదటి గురువు భాషను తరగతి గుమ్మం బయటే చెప్పులతో పాటు విడిచి రమ్మనడం ఆ మాటతో ఎలా పొసుగుతుంది? మన దేశంలోనూ 2020 జాతీయ విద్యా విధానం, దాని వెంట 2022లో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం, మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటలతో, ఇంటి భాషలో చదువు చెప్పమంటున్నాయి. మీరు ముందడుగు వేస్తే ప్రభుత్వ విధానం మీ వెనకే ఉంటుంది.

మా అమ్మమ్మ లాటిను పూజ రోజులు చూసిన మనిషి. ఫాదర్ అటు తిరిగి ఏం చెబుతున్నాడో తెలియక, వెనక కూర్చుని జపమాల చెప్పుకునేవాళ్లమనేది. 1963లో ఆ మహాసభ, పూజను జనం భాషలో చెప్పుకోవడానికి తలుపు తీసింది. మొదటిసారి తెలుగులో "ప్రభువు మీతో ఉండునుగాక" అని విన్న రోజు తాను ఏడ్చానని అమ్మమ్మ నాకు చాలాసార్లు చెప్పింది. "అప్పటిదాకా ఆయన ఎవరితోనో మాట్లాడేవాడు, ఆ రోజు నాతో మాట్లాడాడే" అనేది. అంతకు ముందు, 19వ శతాబ్దంలో, లండన్ దగ్గర మిల్ హిల్ నుంచి మా ప్రాంతానికి వచ్చిన ఫాదర్లు కూడా తెలుగు నేర్చుకుని తెలుగులోనే జ్ఞానోపదేశం చెప్పారు. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లు మా ముత్తాతల దగ్గర 'నీళ్లు' అనడం నేర్చుకున్న ఊళ్లోనే, ఇవాళ మా పిల్లవాడు 'నీళ్లు' అనడానికి జంకుతున్నాడు.

నాకు జులై ఆఖరు నుంచి ఆరు వారాలు సెలవులు. ఊరికి వస్తున్నాను. మీలో ఎవరు పిలిచినా, ఏ ఊరి ఎల్‌కేజీ గదికైనా వస్తాను, జీతం అక్కర్లేదు. మీ టీచర్ల పక్కన కింద కూర్చుని ఒక వారం పనిచేస్తాను. కాగితపు చేపలు ఏడూ సర్దిపెట్టుకున్నాను. మా చెల్లెలి కొడుకు జూన్‌లో యూకేజీకి వెళ్లాలి. మొన్న వీడియో కాల్‌లో వాడికి మా గోడ మీది 'దోసె' చూపించాను. కాసేపు చూసి, "పెద్దమ్మా, మీ బళ్లో తెలుగు మాట్లాడితే మేడం ఏమనదా?" అన్నాడు. ఏమనదు నాన్నా అన్నాను. "మరి మా మేడంకి చెప్తావా?" అన్నాడు.

మీ ఆశీర్వాదం, మీ జవాబు కోరుతూ,
మీ బడిలో చదువుకున్న ఒక విద్యార్థిని